పొడి అక్షరాల భారం ఎవరు మోస్తున్నారు? సాఫ్ట్‌వేర్ సంస్థల నిర్వాహకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సాఫ్ట్‌వేర్ సంస్థల అధిపతులకు, విభాగాల నిర్వాహకులకు, బృంద నాయకులకు, ఈ వృత్తిలో మాకంటే ముందు నడిచిన సీనియర్ ఇంజినీర్లకు నమస్కారం.

నేను పదమూడేళ్లుగా సాఫ్ట్‌వేర్‌కు వాడుక పుస్తకాలు, పనివిధాన పత్రాలు రాసే ఉద్యోగం చేస్తున్నాను. ఇంజినీర్లు చెప్పింది విని, ఆ పని తెలియనివాళ్లు కూడా చదువుకుని చేసుకోగలిగేలా రాసిపెట్టడం నా బాధ్యత. గడచిన రెండేళ్లలో ఒకే విషయం మీద మా పైవారికి మూడుసార్లు విన్నపం పెట్టుకున్నాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి ‘పరిశీలిస్తాం’ అన్నారు. మూడోదానికి ‘ఇవన్నీ అందరికీ తెలిసినవే కదా’ అని ఒకే ఒక్క వాక్యం వచ్చింది. ఆ వాక్యం చదివిన రోజునే ఈ లేఖ రాయాలని నిశ్చయించుకున్నాను. వేరే సంస్థల్లో పనిచేసే మిత్రులను అడిగితే వాళ్ల అనుభవమూ ఇదే. కాబట్టి దీన్ని ఏ ఒక్క కార్యాలయం మీదా ఫిర్యాదుగా భావించవద్దు. మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

విషయం పొడి అక్షరాలు. ఒక పేరులోని మాటల మొదటి అక్షరాలను ఏరి, వాటినే పేరుగా వాడే పద్ధతి. మన వృత్తిలో అది అవసరంగా మొదలై, అలవాటుగా మారి, ఇప్పుడు పనికే అడ్డం పడుతోంది. రాసేవాళ్లకు రెండు క్షణాలు కలిసొస్తున్నాయి. ఆ రెండు క్షణాల ఖర్చు చదివేవాళ్ల మీద పడుతోంది. వాళ్లలోనూ అడగడానికి ధైర్యం చాలనివాళ్ల మీద, చివరికి మన సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకున్న మామూలు మనుషుల మీద పడుతోంది.

జరిగిన సంగతి ఒకటి ముందుగా చెబుతాను. నేను పనిచేసిన ఒక సంస్థ తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఇతర కంపెనీల ఉద్యోగుల జీతాల లెక్కలు చూసేది. నెలాఖరున జీతాల ఫైలు నిర్ణీత సమయంలోగా బ్యాంకుకు చేరాలి. ఒక శుక్రవారం ఆ ఫైలులో తప్పు బయటపడింది. దాన్ని సరిదిద్దే బృందం ఒక దేశంలో, బ్యాంకుకు పంపే బృందం మరో దేశంలో ఉన్నాయి. ‘సరిచేసిన ఫైలు ఈఓడీలోగా ఇస్తాం’ అని సందేశం వెళ్లింది. ఈఓడీ అంటే రోజు ముగిసేలోగా అని. ఎవరి రోజు? రాసినవాళ్లు తమ గడియారం చూసుకుని రాశారు. చదివినవాళ్లు తమ గడియారం చూసుకుని నిశ్చింతగా కూర్చున్నారు. రెండు గడియారాల మధ్య తేడా ఏడు గంటలు. ఫైలు వచ్చేసరికి బ్యాంకు గడువు దాటిపోయింది. శని, ఆదివారాలు గడిచాక, సోమవారం జీతాలు పడ్డాయి.

క్షమాపణ లేఖ రాసే పని నాకు అప్పగించారు. అందుకోసం వచ్చిన ఫిర్యాదులన్నీ చదివాను. ఆ రోజు ఇంటి అద్దె కడతానని మాట ఇచ్చి తప్పాల్సి వచ్చిందని ఒకామె రాసింది. అప్పు వాయిదా తప్పి జరిమానా పడిందని ఒక డ్రైవరు రాశాడు. సంస్థలో జరిగిన సమీక్షలో మాత్రం కారణం దగ్గర ‘సమాచార లోపం’ అని రాసి ముగించారు. ఆ మూడు అక్షరాల ప్రస్తావన ఎక్కడా లేదు. ‘సాయంత్రం 6 గంటలకు, ఫలానా దేశ కాలమానం ప్రకారం’ అని రాసి ఉంటే ఆ డ్రైవరుకు జరిమానా పడేది కాదు. నా రెండో విన్నపంలో ఈ సంగతి అంతా వివరంగా రాశాను. దానికే ‘పరిశీలిస్తాం’ అన్నారు.

ఇక ‘అందరికీ తెలిసినవే’ అన్న మాట. అది ఎంతవరకు నిజమో చూద్దామని, ఎంటీటీఆర్ అంటే ఏమిటని నలుగురిని విడివిడిగా అడిగాను. నలుగురూ అనుభవం ఉన్నవాళ్లే. మరమ్మతుకు పట్టే సగటు సమయం అని ఒకరు చెప్పారు. ఆగిన సేవ మళ్లీ అందుబాటులోకి రావడానికి పట్టే సగటు సమయం అని మరొకరు. సమస్యను పూర్తిగా తేల్చడానికి పట్టేది అని మూడోవారు. ఫిర్యాదుకు మొదటి స్పందన ఇవ్వడానికి పట్టేది అని నాలుగోవారు. ఎవరూ తప్పు చెప్పలేదు. చివరి ‘ఆర్’ రిపేర్‌కు, రికవరీకి, రిజల్యూషన్‌కు, రెస్పాన్స్‌కు సమానంగా సరిపోతుంది. నాలుగు అర్థాలూ మన పరిశ్రమలో వాడుకలో ఉన్నాయి. ఎవరికి వారు తమ అర్థమే అసలైనదని నమ్మి పనిచేస్తున్నారు. అర్థం తెలియనివాడైనా ఆగి అడుగుతాడేమో. వేరే అర్థం తెలిసినవాడు ఎప్పటికీ అడగడు.

ఇలాంటివి ఎన్నని చెప్పాలి? ఆర్‌టీఓ అంటే విపత్తు తరువాత సేవను ఎంతసేపటిలో పునరుద్ధరించాలో చెప్పే గడువు. ఇటీవలి సంవత్సరాల్లో అదే ఆర్‌టీఓ ఉద్యోగులు మళ్లీ ఆఫీసుకు రావాలన్న నిబంధనకు పేరైంది. పీఎం అంటే ప్రాజెక్టును నడిపేవారా, ఉత్పత్తి బాధ్యులా, ప్రోగ్రామ్ నిర్వాహకులా అన్నది సంస్థను బట్టి, కొన్నిచోట్ల అంతస్తును బట్టి మారుతుంది. సీఐ అంటే కోడ్‌ను ఎప్పటికప్పుడు కలిపి పరీక్షించే పద్ధతి ఒకరికి, పరికరాల జాబితాలో ఒక వస్తువు ఇంకొకరికి, గణాంకాలు చూసేవారికి విశ్వాస అంతరం, అంటే అంచనాకు ఉండే హద్దులు. భద్రతా రంగంలోనే మ్యాక్ అనే మాటకు మూడు అర్థాలున్నాయి: నెట్‌వర్క్ పరికరానికి ఉండే చిరునామాకు సంబంధించినది ఒకటి, సందేశం మార్పు చెందలేదని రుజువు చేసే సంకేతం ఒకటి, ఎవరికి ఏ అనుమతి ఉండాలో వ్యవస్థే ఖాయం చేసే విధానం ఒకటి. మూడూ ఒకే పత్రంలో పక్కపక్కనే రావడానికి పూర్తి అవకాశం ఉంది.

ఇది ఎవరి అజాగ్రత్తో అనుకుంటే పొరపాటు. లెక్కలోనే చిక్కుంది. ఇంగ్లీషుకు ఉన్నవి 26 అక్షరాలు. రెండక్షరాల కూర్పులు 676, మూడక్షరాల కూర్పులు 17,576 మాత్రమే వస్తాయి. ప్రతి బృందమూ, ప్రతి ఉత్పత్తీ, ప్రతి సమావేశమూ అందులోంచే పేర్లు తోడుకుంటుంటే ఢీకొనక తప్పదు. శాస్త్ర పరిశోధనా వ్యాసాల విషయంలో దీన్ని లెక్కకట్టినవారున్నారు. 1950 నుంచి 2019 వరకు వచ్చిన 2.4 కోట్ల వ్యాసాల శీర్షికలను, 1.8 కోట్ల సారాంశాలను పరిశీలించి, 2020లో ఈలైఫ్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. వాటిలో 11 లక్షలకు పైగా వేర్వేరు పొడి అక్షరాలు కనిపించాయి. తరచుగా వాడుకలో ఉన్నవి రెండు వేలకు కాస్త పైన, అంటే 0.2 శాతం. 79 శాతం పొడి అక్షరాలు ఆ కోట్ల వ్యాసాలన్నిటిలో కలిపి పదిసార్లు కూడా కనిపించలేదు. నలుగురి చేత తనిఖీ అయి అచ్చయ్యే పరిశోధనల పరిస్థితే అది. ఏ తనిఖీ లేకుండా రోజుకు వందల సందేశాలు రాసుకునే మన సంగతి ఎలా ఉంటుందో మీరే ఊహించండి.

పొడి అక్షరాలన్నిటినీ తీసేయమని నేను కోరడం లేదు. రాడార్, లేజర్ అనేవి ఒకప్పుడు పొడి అక్షరాలే. ఇప్పుడు అవి మామూలు మాటలు. యూఎస్‌బీ, పీడీఎఫ్ అంటే విడమరిచి చెప్పనక్కరలేదు. అసలు మనం బడిలో మొదటి రోజు నేర్చుకునే అచ్చులు, హల్లులు అన్న పేర్లే ఇలాంటివి. పాణిని వ్యాకరణానికి ఆధారమైన పద్నాలుగు సూత్రాల్లో మొదటి సూత్రంలోని ‘అ’ నుంచి నాలుగో సూత్రం చివరి ‘చ్’ వరకు ఉన్నదంతా కలిపి ‘అచ్’. అయిదో సూత్రంలోని ‘హ’ నుంచి పద్నాలుగో సూత్రం చివరి ‘ల్’ వరకు ‘హల్’. ఇంతకంటే పొదుపైన కుదింపు ఎక్కడా చూడలేం. అయితే అక్కడ ముందు పద్నాలుగు సూత్రాలు మన చేతికి ఇస్తారు, ఆ తరువాతే కుదించిన పేర్లు వాడతారు. తాళం వేసేవాళ్లే తాళంచెవి ఇస్తారు. మనం తాళాలు వేసుకుంటూ పోతున్నాం, చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు.

మన రంగంలోనే ఆ క్రమశిక్షణ పాటించినవాళ్లున్నారు. ఇంటర్నెట్ ప్రమాణాలను నిర్వచించే ఆర్‌ఎఫ్‌సీ పత్రాలు 1969 నుంచి వస్తున్నాయి. అభిప్రాయాలు కోరుతున్నాం అన్న అర్థమిచ్చే ఇంగ్లీషు మాటలకు అది పొడి. వాటిని ఎలా రాయాలో చెప్పే 7322వ పత్రం 2014లో వెలువడింది. పొడి అక్షరాలను పత్రం శీర్షికలోనూ, లోపల మొదటిసారి వచ్చిన చోటనూ విడమరచాలని అది నిర్దేశిస్తుంది. టీసీపీ, ఐపీ, హెచ్‌టీటీపీ లాంటి, ఆ పాఠకులందరూ చూడగానే గుర్తుపట్టే కొన్నిటికే మినహాయింపు. ఇంటర్నెట్‌ను నిర్మించిన నిపుణులు, తమలాంటి నిపుణుల కోసం రాసుకునే పత్రాలకే ఆ నియమం పెట్టుకున్నారు. నిన్నగాక మొన్న చేరిన ఉద్యోగికి ఇచ్చే పత్రంలో మనకు ఆ నియమం ఎందుకు లేదు? పైగా ఇదే ఆర్‌ఎఫ్‌సీ మన కార్యాలయాల్లో మార్పు కోసం పెట్టే దరఖాస్తుకు కూడా పేరుగా తిరుగుతోంది.

దీనివల్ల ఎవరికి ఏ నష్టం జరుగుతోందో, నేను చూసినంతవరకు, కింద రాస్తున్నాను.

1. కొత్తగా చేరినవాళ్లు. ఉద్యోగంలో చేరిన మొదటి నెల నా దగ్గర ఒక చిన్న పుస్తకం ఉండేది. సమావేశంలో వినబడిన పొడి అక్షరాలను అందులో రాసుకుని, రాత్రి ఇంటికి వెళ్లి వెతుక్కునేదాన్ని. సంస్థ లోపల పుట్టినవి బయట ఎక్కడా దొరకవని తెలియక గంటలు గంటలు పోగొట్టుకున్నాను. పన్నెండేళ్ల తరువాత, గత సంవత్సరం మా బృందంలో చేరిన అమ్మాయి చేతిలో అలాంటి పుస్తకమే చూశాను. ‘ఎందుకమ్మా, అడగవచ్చు కదా’ అన్నాను. ‘అందరూ తల ఊపుతున్నారండీ, నేనొక్కదాన్నే అడిగితే ఏమీ రానిదాన్ని అనుకుంటారేమోనని’ అంది. ఆ అమ్మాయి చదువులో ముందుండి వచ్చినది, పనిలో చురుకైనది. ఆమెకు రానిది కంప్యూటర్ విద్య కాదు, మా బృందం తనలో తాను మాట్లాడుకునే గుసగుస. ఆ సమావేశంలో తల ఊపినవారిలో ఎంతమందికి నిజంగా తెలుసో నాకు నమ్మకం లేదు. ప్రసూతి సెలవు, అనారోగ్యం, ఇంట్లో పెద్దవాళ్ల సేవ, కారణమేదైనా ఏడాది రెండేళ్లు దూరమై తిరిగి వచ్చినవాళ్ల బాధ ఇంకా ఎక్కువ. ఉత్పత్తి అదే, కోడ్ అదే, పేర్లు మాత్రం అన్నీ మారిపోయి ఉంటాయి. పదేళ్ల అనుభవం ఉన్న మనిషి తన సొంత బృందంలో మొదటిరోజు ఉద్యోగిలా కూర్చోవలసి వస్తోంది. సీనియర్ కాబట్టి అడగడానికి సిగ్గు మరింత.

2. రాత్రి విధుల్లో ఉన్నవాళ్లు. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే, నిద్రలోంచి లేచిన ఒక మనిషి తెరిచేది అత్యవసర సూచనల పత్రం. అందులో ‘పీఆర్ అయ్యాకే ముందుకు వెళ్లాలి’ అని ఉంటే ఆ మనిషి ఏమి చేయాలి? కోడ్ మార్పును ఆమోదించమని కోరే పుల్ రిక్వెస్టా? మార్పును వాడుకరులకు విడుదల చేసే ప్రొడక్షన్ రిలీజా? ఆ వాక్యం రాసిన వ్యక్తి ఉద్యోగం మారి వెళ్లిపోయి ఉంటాడు. అతను వాడిన అక్షరాలు మాత్రం పత్రంలో ఉండిపోతాయి. సేవ ఆగిన ప్రతి నిమిషమూ బయట ఎవరో ఒకరు టికెట్టు కోసమో, డబ్బు బదిలీ కోసమో, పరీక్ష ఫలితం కోసమో ఎదురుచూస్తూ ఉంటారు.

3. ఒప్పందం చేసుకునే చిన్న సంస్థలు. ఇందాక చెప్పిన ఎంటీటీఆర్ ఒప్పంద పత్రంలో ‘4 గంటలు’ అన్న అంకె పక్కన ఉంటుంది. నాలుగు గంటల్లో తమ కంప్యూటర్లు బాగవుతాయని ఒక చిన్న ఆసుపత్రి నమ్ముతుంది. నాలుగు గంటల్లో ఫోను ఎత్తి బదులిస్తే చాలని అమ్మినవాళ్ల ఉద్దేశం. పెద్ద సంస్థలకు ఇలాంటివి పట్టుకునే న్యాయవాదులు ఉంటారు. చిన్నవాళ్లకు రోగుల వరుస పెరిగిన రోజున గానీ తెలియదు.

4. మన వాడుకరులు. తెర మీద ‘ఎస్‌ఎస్‌ఎల్ లోపం’ అని వస్తే ఒక పెద్దాయన ఏమి చేయాలి? ఆయనకు అర్థం కావలసినది ‘ఈ సైటు నిజమైనదో కాదో తేల్చలేకపోతున్నాం, మీ పాస్‌వర్డ్ ఇక్కడ ఇవ్వవద్దు’ అని. మనం అక్షరాలు చూపిస్తే ఆయన ఏ మీట నొక్కితే ఆ పెట్టె తొలగిపోతుందో ఆ మీట నొక్కుతాడు. ఆ తరువాత డబ్బు పోతే, హెచ్చరిక చూపించామని మనం రికార్డు తీసి చూపిస్తాం. ఆయనకు అర్థం కానిదాన్ని హెచ్చరిక అని ఎలా అనగలం?

5. ఉద్యోగం పోయేవాళ్లు. దీని గురించి రాస్తున్నప్పుడు నా చేయి వణుకుతోంది. ఉద్యోగుల తొలగింపుకు ఆర్‌ఐఎఫ్ అని, మనుషుల లెక్కకు ఎఫ్‌టీఈలని వాడుతున్నారు. ఎఫ్‌టీఈ అంటే ఒక పూర్తికాలపు ఉద్యోగికి సమానమైన పని. ‘ఈ త్రైమాసికంలో 2.5 ఎఫ్‌టీఈలు తగ్గించాలి’ అన్న వాక్యాన్ని నేను ఒక పత్రంలో చదివాను. తగ్గించేది మనుషులను. వాళ్లకు పేర్లున్నాయి, వాళ్ల మీద ఆధారపడ్డ ఇళ్లున్నాయి. మిగతాచోట్ల పొడి అక్షరాలు సోమరితనం వల్ల వస్తాయేమో, ఇక్కడ మాత్రం చెప్పడానికి మనసొప్పని మాటను కప్పిపెట్టడానికి వస్తున్నాయి. పూర్తి మాటలో రాయలేని నిర్ణయాన్ని తీసుకునేముందు మరొక్కసారి ఆలోచించండి.

6. చూపు లేని సహోద్యోగులు. తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ పొడి అక్షరాలను ఒకసారి మాటలా, ఒకసారి అక్షరాలుగా పలుకుతుంది. ఏది ఏదో పోల్చుకోవడం వినేవాళ్ల వంతు. అందరికీ అందుబాటు అన్న అర్థమిచ్చే యాక్సెసిబిలిటీ అనే మాటనే మన రంగం మొదటి అక్షరం, చివరి అక్షరం, మధ్యలో 11 అన్న అంకె పెట్టి రాస్తోంది. మధ్యలో పదకొండు అక్షరాలు వదిలేశామని ఆ అంకెకు అర్థం. ఆ సంగతి ముందే తెలిసినవాళ్లకే అది అందుబాటులో ఉంది. వెబ్‌సైట్ల అందుబాటు కోసం 2008లో వచ్చిన మార్గదర్శకాల్లో సంక్షిప్తాలకు పూర్తి రూపం దొరికే ఏర్పాటు ఉండాలన్న నియమం ఉంది. ఆ మార్గదర్శకాల స్థాయిల్లో అది అన్నిటికంటే కఠినమైన పై స్థాయిలో ఉండడంతో, తప్పనిసరి కాదని చాలా సంస్థలు పక్కన పెట్టేస్తున్నాయి.

7. ఫోనులో వినేవాళ్లు. బీ, డీ, ఈ, పీ, టీ, వీ అన్నీ చెవికి ఒకేలా తగులుతాయి. విమానయానంలో ఈ గండం తెలుసు కాబట్టే ప్రతి అక్షరానికీ ఆల్ఫా, బ్రావో, చార్లీ అని వేరే మాటలు పెట్టుకుని 1956 నుంచి అవే వాడుతున్నారు. మనం నాలుగు దేశాల వాళ్లు, నాలుగు రకాల ఉచ్చారణలతో, తెగిపోయే కాల్‌లో అక్షరాలతోనే మాట్లాడుకుంటున్నాం. మొదటి భాషగా ఇంగ్లీషు లేనివాళ్లు పూర్తి మాట వింటే సందర్భాన్ని బట్టి పోల్చుకోగలరు. ఒట్టి అక్షరాల్లో పోల్చుకోవడానికి ఏమీ మిగలదు.

సమయం ఆదా అవుతుందని అంటారు. ఆదా పేరుతో మన వృత్తి ఒకసారి చేసిన పని అప్పుడే మరిచిపోయామా? కంప్యూటర్ల మెమరీ ఖరీదైన రోజుల్లో సంవత్సరాన్ని నాలుగు అంకెలకు బదులు రెండు అంకెల్లో రాసుకున్నాం. రాసినప్పుడు అది తెలివైన పొదుపే. 2000 సంవత్సరం దగ్గరపడేసరికి ఆ రెండు అంకెలను తిరిగి చేర్చడానికి ప్రపంచమంతటా ఇంజినీర్లు ఏళ్ల తరబడి పాత కోడ్‌ను వెతికి సరిదిద్దవలసి వచ్చింది. అప్పుడు కుదించినది అంకెలను. ఇప్పుడు కుదిస్తున్నది అర్థాన్ని.

వైద్యరంగం ఈ పాఠాన్ని కష్టపడి నేర్చుకుంది. ఎంఎస్ అని రాస్తే మార్ఫిన్ సల్ఫేట్ కావచ్చు, మెగ్నీషియం సల్ఫేట్‌గా పొరబడనూ వచ్చు. యూనిట్లు అనడానికి చేత్తో రాసిన యు అక్షరం సున్నాలా కనబడితే మోతాదు పదింతలవుతుంది. అందుకే అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో వాడకూడని సంక్షిప్తాల జాబితా ప్రకటించింది. జాగ్రత్తగా ఉండండి అని ఉపన్యాసం ఇచ్చి ఊరుకోలేదు. ఈ అక్షరాలు రాయవద్దు, వాటి బదులు ఈ పూర్తి మాటలు రాయండి అని చెప్పింది. మనకు కావలసినదీ అదే.

కాబట్టి మీ ముందు ఈ కోరికలు ఉంచుతున్నాను. ఇవి ఖర్చుతో కూడినవి కావు. మీ సంతకంతో ఒక పుట ఆదేశం చాలు.

1. ప్రతి పత్రంలో, ప్రతి సమావేశపు చిట్టాలో, ఒకరికంటే ఎక్కువ బృందాలకు వెళ్లే ప్రతి సందేశంలో పొడి అక్షరాలు మొదటిసారి వచ్చిన చోట పూర్తి రూపం రాయాలి. రాయని పత్రాన్ని సమీక్షకులు వెనక్కి పంపాలి. కోడ్‌లో ఒక కామా తప్పితే వెనక్కి పంపుతున్నాం కదా.

2. నాలుగు చోట్ల పొడి అక్షరాలను పూర్తిగా నిషేధించాలి: అత్యవసర సూచనల పత్రాల్లో, ఒప్పందాల్లోని గడువుల దగ్గర, వాడుకరులకు తెర మీద కనిపించే సందేశాల్లో, ఉద్యోగి ఉద్యోగానికి సంబంధించి పంపే లేఖల్లో. మిగతా కోరికలన్నీ వాయిదా వేసినా సరే, ఇది ఒక్కటి ఈ నెలలోనే మొదలుపెట్టండి.

3. ఈఓడీ లాంటి గడువులు ఎక్కడా ఉండకూడదు. తేదీ, గంట, ఏ దేశ కాలమానమో రాయాలి. అందరికీ ఒకే కొలమానం కావాలంటే ప్రపంచమంతటికీ ప్రామాణిక సమయమైన యూటీసీ ఉండనే ఉంది. ఆ పేరు కూడా ఇంగ్లీషు వరుసకూ, ఫ్రెంచి వరుసకూ లొంగకుండా ఇద్దరూ ఒప్పుకున్న రాజీ రూపం. పొడి అక్షరాలను నలుగురూ కూర్చుని ఒప్పుకుని పెట్టుకుంటే ఎలా ఉంటుందో అది చూపిస్తోంది.

4. సంస్థకు ఒకే పదకోశం ఉండాలి. దానికి పేరున్న బాధ్యులు ఒకరుండాలి. ప్రతి పదం పక్కన ఏ బృందం వాడుతోంది, ఎప్పుడు చివరిసారి సరిచూశారు అన్నవి ఉండాలి. అర్థాలు కూడా కాలంతో మారతాయి. పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష పేరు మొదట వ్యక్తిగత హోమ్ పేజీ అన్న అర్థంలో పుట్టింది, తరువాత పూర్తి రూపమే మారిపోయింది. ఎవరూ వాడనివాటిని తొలగించే అధికారం ఆ బాధ్యులకు ఇవ్వాలి. చేర్చడమే తప్ప తీసివేయడం లేని పదకోశాలు ఇప్పటికే చాలా చూశాం.

5. కొత్త ఉత్పత్తికో, పథకానికో పేరు పెట్టేటప్పుడు ఆ పొడి అక్షరాలు ఇప్పటికే వేరే అర్థంలో ఉన్నాయేమో చూడాలి. ఉంటే వద్దు. పలకడానికి పూర్తి పేరు కంటే పొడి రూపమే పొడుగైతే అసలే వద్దు. ఇంగ్లీషులో వరల్డ్ వైడ్ వెబ్ అనడం కంటే మూడు డబ్ల్యూలు పలకడానికే ఎక్కువసేపు పడుతుంది.

6. ఉద్యోగ ముఖాముఖీల్లో పొడి అక్షరాల పూర్తి రూపాలు అడగడం మానండి. అవి చెప్పగలిగినవాళ్లకు పని వచ్చినట్టు కాదు, చెప్పలేనివాళ్లకు రానట్టూ కాదు.

7. సమావేశంలో ‘అంటే ఏమిటి’ అని అడిగినవాళ్లను వార్షిక మదింపులో గానీ, మాటల్లో గానీ, చూపుల్లో గానీ తక్కువ చేయకూడదు. ఇది ఆదేశంతో వచ్చేది కాదని నాకు తెలుసు. అందుకే సీనియర్లను వేడుకుంటున్నాను: మొదట మీరు అడగండి. తెలిసినా అడగండి. మీ పక్కన చిన్న పుస్తకంలో రాసుకుంటున్న పిల్ల తలెత్తి చూస్తుంది.

నా వంతు పని నేను మొదలుపెట్టాను. ప్రస్తుతం నేను పనిచేస్తున్న సంస్థ పత్రాల్లోంచి నాలుగు వందల పైచిలుకు పొడి అక్షరాలను సెలవు రోజుల్లో కూర్చుని ఏరాను. చాలావాటికి పూర్తి రూపాలు రాశాను. కొన్నిటికి రెండు మూడు అర్థాలు దొరికాయి, అవన్నీ నమోదు చేశాను. ఎంతమందిని అడిగినా ఎవరూ చెప్పలేకపోయినవి కొన్ని మిగిలాయి, వాటి పక్కన గళ్లు ఖాళీగా ఉన్నాయి. అందులో రెండు అత్యవసర సూచనల పత్రంలో ఇవాళ్టికీ ఉన్నాయి. ఆ జాబితా ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇస్తాను. ఆ ఖాళీలు నింపగలిగిన పాతవాళ్లను ఒక పూట పిలిపించండి, నింపలేనివాటిని పత్రాల్లోంచి తీసివేసే అనుమతి ఇవ్వండి.

ఈ లేఖకు 30 రోజుల్లోగా జవాబు కోరుతున్నాను. ‘పరిశీలిస్తాం’ అన్న జవాబు ఇప్పటికే అందింది కాబట్టి, ఈసారి పై ఏడింటిలో ఏవి ఒప్పుకుంటున్నారు, ఏవి ఒప్పుకోవడం లేదు, ఎందుకు అన్నది అంశాలవారీగా రాయండి. రెండో అంశం మీద నిర్ణయం మాత్రం వచ్చే నెలాఖరు జీతాల ఫైళ్లు బ్యాంకులకు వెళ్లేలోగా రావాలి.

ఇట్లు,
మీ పత్రాలు రాసే ఉద్యోగిని